మేక చిక్కితే నట్టలేనా? పేగు కోసి చూడండి

మా వైపు మేక చిక్కిపోతే ఎవరూ డాక్టరును అడగరు, జబ్బు పేరు ముందే ఖాయమైపోతుంది: నట్టలు, అంటే కడుపులో పురుగులు. మందుల షాపులో ఒక ఆల్బెండజోల్ సీసా తేవడం, అందాజుగా తాగించడం, పది రోజులు చూడటం, తేరుకోకపోతే ఇంకో కంపెనీ సీసా, అదీ పనిచేయకపోతే ఐవర్‌మెక్టిన్ సూది, అదీ కాకపోతే సంత. ఈ వరుసలో ఎక్కడా "ఇది నట్టలు కాదేమో" అన్న మాట వినపడదు. సంతలో కొన్నవాడు కూడా ఇంటికి తీసుకెళ్ళి మళ్ళీ ఆల్బెండజోల్‌తోనే మొదలుపెడతాడు.

నేననేది ఒక్కటే. బాగా తింటూనే చిక్కిపోయి చచ్చిన మేకను పాతిపెట్టే ముందు దాని పేగు కోసి చూడాలి. కంటికి ఏమీ కనపడకపోయినా సరే, ఒక ముక్క ల్యాబుకు పంపాలి. ఎందుకంటే జోన్స్ వ్యాధి అని ఒకటుంది, బాక్టీరియా వల్ల పేగుకు వచ్చే జబ్బు, దానికి మందు లేదు, మందలోకి వచ్చిందంటే ఏళ్ళ తరబడి పోదు, పైగా మేకల్లో అది పుస్తకాల్లో రాసినంత స్పష్టంగా కనపడదు.

నాకు నల్గొండ వైపు ముప్పై చిల్లర మేకలున్నాయి. పగలు బయట మేపు, రాత్రి షెడ్డు. డాక్టరును కాను, కానీ డాక్టర్ల వెంట తిరిగి విసిగించే రకం.

పోయిన చలికాలం ఒక మేక పోయింది. రెండో ఈత ఈనిన దగ్గర్నుంచి కోలుకోలేదు. మేత మానేస్తే అర్థం చేసుకోవచ్చు, ఇది తొట్టి దగ్గర అందరికంటే ముందు నిలబడేది. వెన్నుపూస మీద చెయ్యి పెడితే ఎముకలు లెక్కపెట్టొచ్చు, వెంట్రుక గరుకుగా లేచి ఉండేది, పాలు పిల్లకే చాలేవి కావు. పారుడు లేదు. పెంటికలు విడివిడిగానే పడేవి, ఆఖరి రెండు వారాల్లో మాత్రం ఒకదానికొకటి అంటుకుని ముద్దలుగా వచ్చాయి. సాయంత్రానికి దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడేది, తెల్లారేసరికి కాస్త తగ్గేది. మా మేకలు కాసే పెద్దాయన "నట్టలే సారూ, జలగ పట్టింది, ఇంకో డోసు ఎయ్యండి" అనేవాడు. ఆయన నలభై ఏళ్ళుగా జీవాల మధ్యే ఉన్న మనిషి, ఆ మాట తేలిగ్గా తీసెయ్యలేం. కానీ పేడ పరీక్ష చేయిస్తే నట్టల గుడ్లు పెద్దగా లేవు, కాలేయంలో చేరే జలగ గుడ్లు అసలు లేవు.

అది చచ్చిన పొద్దున పశువుల డాక్టరు గారిని బతిమాలి పిలిపించుకున్నాను. గట్టు మీద వేపచెట్టు కింద ప్లాస్టిక్ పట్టా పరిచి కోశారు. పొట్ట తెరవగానే కాసిని నీళ్ళు కారాయి. కొవ్వు అన్నది మచ్చుకి కూడా లేదు, మూత్రపిండాల చుట్టూ, గుండె మీద ఉండాల్సిన కొవ్వు జిగురుగా, జావలాగా మారిపోయింది. నాలుగో పొట్ట తెరిచి చూశారు, నట్టలు లేవు. కాలేయం కోశారు, జలగలు లేవు. అప్పుడు పేగుల మీదికి వచ్చారు. చిన్న పేగు చివర, అది పెద్ద పేగులో కలిసే చోటు నుంచి వెనక్కి ఒక మూరెడు పేగు తీసి పట్టా మీద సాగదీసి పెట్టారు. పేగు బయటి పొర మీద తెల్లటి సన్న గీతలు, తెల్లదారంతో వంకర టింకరగా కుట్లు వేసినట్టు, పేగు నుంచి దాన్ని పట్టుకుని ఉన్న పల్చటి పొర మీదుగా గ్రంథుల దాకా పోతున్నాయి. అవి శోషరస నాళాలట, ఆరోగ్యంగా ఉన్న మేకలో అంత ఉబ్బి కనపడవట. ఆ పొరలో వరసగా ఉండే గ్రంథులు నా బొటనవేలంత లావున ఉన్నాయి. ఒకదాన్ని కోస్తుంటే కత్తికి ఇసుక తగిలినట్టు గరగరమంది, లోపల పసుపుపచ్చటి గట్టి చుక్కలు.

ఇక పేగును నిలువునా చీల్చి కడిగి చూస్తే, నిజం చెప్పాలంటే, నాకు పెద్దగా ఏమీ కనపడలేదు. లోపలి పొర కొంచెం మందంగా ఉంది, అక్కడక్కడా ఎర్రబారింది, అంతే. డాక్టరు గారు అన్నారు, "ఆవైతే ఈ పొర మడతలు మడతలుగా లేచి, చేత్తో లాగినా చదును కాకుండా ఉంటుంది. చూడగానే చెప్పొచ్చు. మేకలో అంత ఉండదు. మేక పేగు చూసి బాగానే ఉందని పాతిపెడితే మోసపోతాం." పొర మీద గాజుపలకతో గీకి ఒక స్మియర్, గ్రంథి కోసిన వైపు అద్ది ఇంకో స్మియర్ తీశారు. జిల్లా ల్యాబులో జీల్-నీల్సన్ రంగు వేస్తే, నీలం మీద ఎర్రటి పొట్టి కడ్డీలు గుంపులు గుంపులుగా కనపడ్డాయి. మనుషుల క్షయకు తెమడ పరీక్షలో వేసే రంగే ఇది. ఆ తర్వాత ముక్కల పరీక్ష కూడా అదే మాట చెప్పింది.

ఆ మూరెడు పేగులో ఏం జరిగిందో తెలిస్తేనే మేక తింటూ ఎందుకు చిక్కుతుందో అర్థమవుతుంది. ఈ బాక్టీరియా పూర్తి పేరు మైకోబాక్టీరియం ఏవియం, ఉపజాతి పారాట్యూబర్‌క్యులోసిస్. క్షయ, కుష్ఠు క్రిములకు దాయాది. పిల్ల పుట్టిన తొలి వారాల్లో, తల్లి పొదుగుకి అంటిన పేడతోనో, జున్నుపాలతోనో, పాలతోనో లోపలికి పోతుంది. కొన్నిసార్లు కడుపులో ఉండగానే పిల్లకు సోకుతుంది. చిన్న పేగు గోడలో రోగనిరోధక కణాలు గుంపులుగా ఉండే చోట్లున్నాయి, అక్కడి నుంచి లోపలికి దూరుతుంది. క్రిముల్ని మింగి చంపే మాక్రోఫేజ్ కణం దీన్ని కూడా మింగుతుంది, కానీ చంపలేదు. చంపే పని జరగకుండా క్రిమి అడ్డుపడి ఆ కణంలోనే కాపురం పెట్టి మెల్లగా పెరుగుతుంది. ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఇంకా ఇంకా కణాల్ని అక్కడికి పంపుతుంది. అలా చేరిన కణాలతో పేగు గోడ నిండిపోయి, ఆహారాన్ని పీల్చుకునే చూషకాలు పొట్టిబారి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. తిన్నది ఒంటబట్టదు. అంతకంటే ఘోరం, రక్తంలోని ప్రోటీన్ పేగులోకి కారిపోతుంటుంది. రక్తంలో ప్రోటీన్ తగ్గితే నీరు నాళాల్లో నిలవదు, తల వంచి మేసే జీవానికి ఆ నీరు దవడ కిందే దిగుతుంది. మా పెద్దాయన జలగ అనుకున్న వాపు అదే.

కొన్ని మేకల్లో క్రిములు కోట్లలో ఉంటాయి, కొన్నింట్లో పేగు పాడైనా క్రిములు వెతికితే గానీ దొరకవు. కుష్ఠులో రెండు రకాలు చెప్తారే, అలాంటిదే. కాబట్టి స్మియర్‌లో ఎర్ర కడ్డీలు కనపడలేదంటే జబ్బు లేదని కాదు, పేగు ముక్క పరీక్ష కూడా కావాలి. గ్రంథుల్లో గట్టిపడిన సున్నపు చుక్కలు మేకల్లో కనపడటం వల్ల ఇంకో తిరకాసు ఉంది, వాటిని చూసి క్షయ అనుకునే ప్రమాదం ఉంది.

అసలు ఈ జబ్బు బయటపడ్డ కథ నాకు భలే నచ్చుతుంది. జర్మనీలో ఓల్డెన్‌బర్గ్ ప్రాంతపు రైతు ఒకాయన ఆవును కొన్నాడు. పాలు లేవు, ఒళ్ళు లేదు. ఆ ఊరి పశువైద్యుడు క్షయ అని అనుమానించి, క్షయను పట్టే ట్యూబర్‌క్యులిన్ పరీక్ష చేస్తే ఏమీ తేలలేదు. ఆవు చచ్చాక దాని పేగుల్ని డ్రెస్డెన్‌కు పంపారు. అక్కడ హైన్రిఖ్ ఆల్బర్ట్ యోనె (జోన్స్ అన్న పేరు ఈయనదే), అమెరికా నుంచి వచ్చిన లాంగ్డన్ ఫ్రాథింగ్‌హామ్ కలిసి ఆ పేగు గోడలో క్షయ క్రిమిలాంటి కడ్డీల్ని చూసి 1895లో రాశారు. వాళ్ళు దాన్ని పక్షుల క్షయ క్రిమి అనుకున్నారు, ఇది వేరే జబ్బని 1906లో డెన్మార్క్ వైద్యుడు బాంగ్ చెప్పాడు. అది పక్కన పెట్టండి, నేను చెప్పేది ఏంటంటే, ఆ రైతు "ఏదో చిక్కింది, పోయింది" అని ఊరుకోలేదు, ఆ ఊరి వైద్యుడు పేగు పారేయలేదు. నూట ముప్పై ఏళ్ళ కింద జరిగిన పని మనం ఇప్పటికీ చెయ్యట్లేదు. అప్పట్లో పేగు పంపడానికి వాళ్ళ దగ్గర ఐస్ బాక్సు కూడా ఉండి ఉండదు.

దీనికి నా దోస్తులు చెప్పే జవాబు తెలుసు. "చిక్కిన వంద మేకల్లో ఎక్కువ నట్టలవే కదా, అరుదైనదాని కోసం ఇంత హడావిడి ఎందుకు?" నట్టలే ఎక్కువ, ఒప్పుకుంటాను. దవడ వాపు వస్తే మొదట అనుమానించాల్సింది నట్టల్నీ జలగనీ. కింది కంటిరెప్ప తిప్పి చూస్తే సగం తేలుతుంది. రక్తం పీల్చే నట్టలుంటే లోపలి రంగు తెల్లగా పాలిపోతుంది. రెప్ప ఎర్రగానే ఉండి, మేత బాగానే తింటూ, వాపు ఉండి, ఒళ్ళు తగ్గుతుంటే ఆగి ఆలోచించాలి. పేడ పరీక్షకు పశువుల ఆసుపత్రిలో పెద్ద ఖర్చేం కాదు. సరైన మందు, మేక బరువుకు సరిపడా ఒకసారి వేసి మూడు వారాల్లో తేరుకోకపోతే నాలుగో సీసా కొనడం దండగ. దండగ అని ఊరుకోవడానికి కూడా లేదు. మాటిమాటికి అరకొర డోసులు తాగిస్తే నట్టలే మందుకు లొంగకుండా తయారవుతాయి, చూడి మేకకు తొలి నెలలో ఆల్బెండజోల్ పడితే పిల్లకు ప్రమాదం. ఇక అరుదు అంటారా, కోసి చూడని జబ్బు అరుదో కాదో ఎవరు చెప్పగలరు? చిక్కిపోవడానికి ఇంకా కారణాలున్నాయి, పళ్ళు అరగడం, లోపలి గ్రంథుల్లో చీము గడ్డలు, ఊపిరితిత్తుల జబ్బులు. అవి తేలాలన్నా కొయ్యాల్సిందే.

నాకు అసలు కోపం వచ్చేది సంత దగ్గర. చిక్కిన మేక మందలో ఉంటే నష్టం, చస్తే ఇంకా నష్టం, కాబట్టి సగం ధరకైనా అమ్మేద్దాం అనుకోవడం సహజం, పది మేకలున్నవాడిని నేను తప్పుపట్టను. కోతకు పోతే కథ అక్కడితో అయిపోతుంది. కానీ "ఈత మేక, రెండు పిల్లల్ని ఈనుతుంది, మేత దొరక్క చిక్కింది" అని చెప్పి మందలోకి అమ్మితే, కొన్నవాడి దొడ్డిలో అది రోజూ క్రిముల్ని పేడలో వదులుతుంది. ఆ క్రిమి మామూలు మొండిది కాదు. ఆస్ట్రేలియాలో చేసిన పరీక్షల్లో, పూర్తి నీడలో ఎండిన పేడలో 55 వారాల దాకా బతికే ఉంది. ఎండ తగిలే చోట చాలా త్వరగా చచ్చింది. మన రేకుల షెడ్డు అంటే ఏడాది పొడవునా నీడే. అక్కడ పుట్టిన పిల్లకు సోకితే రెండేళ్ళకో మూడేళ్ళకో, ఈత ఒత్తిడి మీద, చిక్కడం మొదలవుతుంది. అప్పటికి అమ్మినవాడి ముఖం కూడా గుర్తుండదు. పాడి ఆవుల మందల్లో ఒక అంచనా చెప్తారు, ముదిరిన జబ్బుతో ఒక్కటి కనపడిందంటే సోకినవి ఇంకో 15 నుంచి 25 దాకా మందలో ఉంటాయని. మేకలకు అదే లెక్క పెట్టలేం గానీ, కనపడేది కొంచెం, కనపడనిది ఎక్కువ అన్నది మాత్రం ఇక్కడా నిజమే.

జీవాల రాకపోకలు ఇప్పుడు మా తాతల కాలంలో లాగా పక్క ఊరి సంతతో ఆగవు. 2017లో తెలంగాణలో గొర్రెల పంపిణీ పథకం మొదలైనప్పుడు 20 గొర్రెలు, ఒక పొట్టేలు యూనిట్‌గా 75 శాతం సబ్సిడీతో ఇచ్చారు, పక్క రాష్ట్రాల నుంచి లారీల్లో వచ్చాయి. గొర్రెలకూ ఇదే జబ్బు వస్తుంది, వాటి నుంచి మేకలకూ సోకగలదు. పథకం మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ అనవసరం. కొనేటప్పుడు చెవికి ట్యాగు వేసి, ఇన్సూరెన్స్ చేసి, పైకి చూసి ఆరోగ్యంగా ఉందని రాసుకుంటే, లోపల పేగులో ఏళ్ళ తరబడి దాక్కునే జబ్బు దొరకదు. అంత భారీగా జీవాల్ని తరలించేటప్పుడు, వచ్చినవాటిలో చచ్చినవాటికి కోత పరీక్ష చేసి కారణం రాసే ఏర్పాటు కూడా డబ్బుతో పాటే కేటాయించాలి. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి మేకలే కోటి పైచిలుకు, గొర్రెలు మూడున్నర కోట్లు దాటాయి. ఇన్ని జీవాలున్న చోట ఈ ఖర్చు ఎక్కువేం కాదు.

పరీక్ష చేసి సోకినవాటిని తీసేస్తే సరిపోదా అని చదువుకున్న కుర్రాళ్ళు అడుగుతారు. ఎలైజా రక్తపరీక్ష ఉంది, కానీ జబ్బు ముదరక ముందు చాలావాటిని పట్టుకోలేదు. పేడ నుంచి క్రిమిని పెంచి చూసే పరీక్షకు రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఈ క్రిమి తనకు కావలసిన మైకోబాక్టిన్ అనే పదార్థాన్ని తాను తయారుచేసుకోలేదు, ల్యాబులో అది వేస్తేనే పెరుగుతుంది, అదీ నత్తనడకన. పీసీఆర్ వేగంగా అవుతుంది గానీ అన్ని జిల్లాల్లో అందుబాటులో ఉండదు. ముప్పై మేకలవాడు ఆరు నెలలకోసారి అన్నిటికీ పరీక్షలు చేయించడం కుదిరే పని కాదు. అందుకే నేను చచ్చిన మేక దగ్గర్నుంచి మొదలుపెట్టమంటున్నాను. అది ఎలాగూ పోయింది, దాని పేగు చెప్పే సమాచారం దాదాపు ఉచితం.

మరి జబ్బు ఉందని తేలితే ఏం చెయ్యాలి? నార్వే సంగతి చూడండి. అక్కడ మేకల్లో ఈ జబ్బు విపరీతంగా ఉండేది. 1967 నుంచి మేకపిల్లలకు టీకా వేయడం మొదలుపెట్టారు. అంతకు ముందు కోత పరీక్షలో 53 శాతం పిల్లల్లో జబ్బు కనపడితే, ఆ తర్వాతి పదిహేనేళ్ళలో అది 1 శాతానికి పడిపోయింది. గమనించాల్సింది ఏంటంటే ఆ రెండు అంకెలూ పిల్లల్ని కోసి, పేగులూ గ్రంథులూ చూసి తీసినవే. వాళ్ళు ముందు చూశారు, తర్వాత టీకా వేశారు, మళ్ళీ చూశారు.

మనకూ టీకా లేకపోలేదు. మథుర దగ్గర మఖ్దూంలో కేంద్ర మేకల పరిశోధన సంస్థ ఉంది. అక్కడి వాళ్ళు మన దేశపు మేకలో దొరికిన 'ఎస్ 5' అనే రకం క్రిమితోనే టీకా తయారుచేశారు. విదేశీ క్రిమితో చేసిన టీకా అరువు తెచ్చుకోవాల్సిన పని లేకుండా చేశారు. కానీ మా మండలంలో ఉచితంగా వేసే టీకాల్లో పీపీఆర్ ఉంటుంది, చిటుక వ్యాధికి ఉంటుంది, ఇది ఉండదు, అడిగితే ఆ పేరే వినలేదన్నట్టు చూస్తారు. టీకాతో అంతా అయిపోతుందని కూడా అనను. అది సోకడాన్ని పూర్తిగా ఆపదు, చిక్కి చచ్చేవాటి సంఖ్యను, పేడలో వదిలే క్రిముల్ని తగ్గిస్తుంది. సూది వేసిన చోట గడ్డ కడుతుంది. టీకా వేసిన జీవం క్షయ పరీక్షలో తికమక పెట్టవచ్చు. అయినా మందే లేని జబ్బుకు ఇంతకంటే మెరుగైనది లేదు. దీన్ని ఎక్కడ వేయాలో ప్రభుత్వం తేల్చుకోవాలంటే ఏ మండలంలో జబ్బు ఉందో తెలియాలి, అది మళ్ళీ పేగు దగ్గరికే వచ్చి ఆగుతుంది.

మనుషుల సంగతి అడగకుండా ఎవరూ వదలరు కాబట్టి చెప్తాను. క్రోన్స్ అని మనుషుల పేగులకు వచ్చే దీర్ఘకాలిక జబ్బు ఉంది. 1913లోనే గ్లాస్గో సర్జన్ డాల్జీల్ ఆ పేగుల్ని చూసి పశువుల జోన్స్ వ్యాధిని గుర్తుచేస్తున్నాయని రాశాడు. కొందరు క్రోన్స్ రోగుల్లో ఈ క్రిమి దొరికింది, కానీ అదే కారణమని ఇప్పటికీ రుజువు కాలేదు. బ్రిటన్‌లో, అమెరికాలో దుకాణాల్లో అమ్మే పాశ్చరైజ్ చేసిన పాలలో కూడా బతికున్న క్రిమి దొరికిన సందర్భాలున్నాయి. దీనికి టెన్షన్ పడి మేకపాలు మానెయ్యక్కర్లేదు, బాగా పొంగు రానిచ్చి తాగండి. డెంగీ సీజన్లో ప్లేట్‌లెట్ల కోసమంటూ పచ్చి మేకపాలకు నగరాల్లో ఎగబడతారు కదా, దాని మీద నాకు ఇంకో వ్యాసానికి సరిపడా కోపం ఉంది. పచ్చిపాలతో బ్రూసెల్లా అనే జ్వరం జబ్బు వస్తుందన్నది మాత్రం అనుమానం లేని నిజం. బోటి తినేవాళ్ళు కూడా బాగా కడిగి బాగా ఉడికించుకుంటే చాలు. అన్నట్టు బోటి కడిగే ఆడవాళ్ళనీ, మేకల్ని కోసే అన్నల్నీ అడగండి, పేగు పక్కన గ్రంథులు గట్టిపడి కత్తికి గరగరలాడే మేకల్ని వాళ్ళు చూసే ఉంటారు. వాళ్ళని అడిగిన అధికారిని నేనైతే ఇంతవరకు చూడలేదు.

మా షెడ్డులో నేను మార్చినవి కొన్నే. నీళ్ళ తొట్టి, మేత తొట్టి పేడ పడనంత ఎత్తుకు లేపాను. ఈనే మేకకు వేరే గది, ఈనేముందు పొదుగు కడగడం. అనుమానం ఉన్న మేకకు పుట్టిన పిల్లను దాని దగ్గర ఉంచను, దాని పాలు వేరే పిల్లలకు అసలే పట్టను. పోతును కొనేటప్పుడు పోతును కాదు, దాన్ని అమ్మేవాడి దొడ్డిలో ఉన్న ముసలి మేకల్ని చూస్తాను. రేకుల్లో కొన్ని తీసేసి ఎండ పడేలా చేశాను, మా ఆవిడ దానికి "వాన పడితే ఏం చేస్తావ్" అని అడిగిన మాట వాస్తవం, ఇంకా జవాబు దొరకలేదు.

మీ మేక ఏదైనా ఇలా చిక్కి చిక్కి పోతే చెయ్యాల్సింది ఇది. ముందు ఒక జాగ్రత్త, ఉన్నట్టుండి చచ్చి, ముక్కు నుంచో వెనక నుంచో గడ్డకట్టని రక్తం కారుతుంటే దాన్ని అసలు కొయ్యొద్దు, అది దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చు, డాక్టరుకు ఫోన్ చెయ్యండి. అలాంటిది కాకపోతే డాక్టరుతోనే కోయించండి, చేతులకు గ్లోవ్స్ ఉండాలి. చిన్న పేగు పెద్ద పేగులో కలిసే చోట నుంచి రెండు మూడు అంగుళాల ముక్క, దాని పక్క గ్రంథి ఒకటి, పది శాతం ఫార్మలిన్‌లో వేయాలి, ముక్క ఎంతుంటే దానికి పదింతలు ద్రవం ఉండాలి. ఇంకో ముక్క, ఇంకో గ్రంథి ఫార్మలిన్ లేకుండా కవర్లో కట్టి ఐసులో పెట్టాలి. మేక వయసు, ఎన్నో ఈత, ఎక్కడ కొన్నది, ఎన్ని నెలల్నుంచి చిక్కుతోంది, ఏ నట్టల మందు ఎప్పుడు వేశారు, ఇవన్నీ కాగితం మీద రాసి దాంతోపాటే పంపాలి. ఎండాకాలమైతే చచ్చిన రెండు మూడు గంటల్లో ఈ పని అయిపోవాలి, పేగు అన్నిటికంటే ముందు కుళ్ళుతుంది, కుళ్ళిన ముక్క మీద ల్యాబు వాళ్ళు చేసేదేమీ ఉండదు.